బంతికీళ్ల బొమ్మల చేతులు

బంతికీళ్ల బొమ్మల చేతులు అనగా సేకరణ కొరకు తయారుచేసే బంతికీళ్ల బొమ్మలకు మణికట్టు దగ్గర అమర్చే, విడదీసి మార్చుకోగల భాగాలు. ఇవి ప్రధానంగా రెండు విధాలు. ఒకే భంగిమలో పోతపోసిన, వేళ్లు కదలని చేతులను స్థిర చేతులు అంటారు. ప్రతి వేలును రెండు మూడు ముక్కలుగా చేసి, ఆ ముక్కల మధ్య కీళ్లు పెట్టిన చేతులను కీళ్ల చేతులు అంటారు. మొదటి రకం చూపునకు సహజంగా, గట్టిగా ఉంటుంది కాని దాని భంగిమ మారదు. రెండవ రకం అనేక భంగిమలకు వంగుతుంది కాని కీళ్ల గీతలు బయటకు కనిపిస్తాయి, ముక్కలు ఊడే అవకాశం కూడా ఉంది. బొమ్మ శరీరంలో ముఖం తరువాత భావాన్ని ఎక్కువగా తెలిపేవి చేతులే. అన్నిటికంటే తరచుగా విరిగేవి కూడా అవే. అందువలన ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది సేకర్తలకు ఖర్చుతోనూ బొమ్మ మన్నికతోనూ ముడిపడిన ప్రశ్న.

## పరిభాష

ఒక ఎముక చివర గుండ్రని తల, మరొక ఎముక చివర గిన్నెవంటి గుంట ఉండి, ఒకదానిలో మరొకటి అమరి తిరిగే కీలును తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలలో *బంతి గిన్నె కీలు* అంటారు. మానవ శరీరంలో భుజం, తుంటి ఇందుకు ఉదాహరణలు. బంతికీళ్ల బొమ్మలో భుజం, తుంటితో పాటు మోచేయి, మోకాలు, మణికట్టు, చీలమండ వద్ద కూడా ఇదే సూత్రాన్ని పాటిస్తారు. ఒక ముక్క చివర బంతి, దాని పక్క ముక్క చివర గిన్నె ఉంటాయి. శరీరం లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలు గుండా సాగిన ఎలాస్టిక్ తాడు అన్ని ముక్కలను ఒకదానికొకటి లాగి పట్టి ఉంచుతుంది. బిగువుగా ఉన్న తాడు వలన కలిగే ఘర్షణే బొమ్మను పెట్టిన భంగిమలో నిలుపుతుంది.

ఈ వ్యాసంలో "చేయి" అనే మాటను మణికట్టు నుండి వేలికొనల వరకు ఉన్న భాగానికి మాత్రమే వాడడం జరిగింది.

## చరిత్ర

కీళ్లున్న బొమ్మలు ఐరోపాలో చాలా కాలంగా ఉన్నాయి. చిత్రకారులు మనిషి భంగిమలను పరిశీలించడానికి కొయ్యతో చేసిన కీళ్ల బొమ్మలను వాడేవారు. 19వ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రెంచి, జర్మన్ బొమ్మల తయారీదారులు పింగాణీ తల, కాగితపు గుజ్జు, రంపపు పొట్టు, జిగురు వంటివి కలిపిన మిశ్రమంతో చేసిన శరీరం ఉన్న బొమ్మలను అమ్మేవారు. వాటి మోచేతులకు, మోకాళ్లకు బంతికీళ్లు ఉండేవి. ఫ్రాన్సులోని జుమో సంస్థ చేసిన తొలినాటి బొమ్మలలో మణికట్టు కదలదు. ముంజేయి, చేయి ఒకే ముక్కగా ఉంటాయి. తరువాతి బొమ్మలలో మణికట్టుకు కీలు వచ్చింది. అంటే చేతిని ముంజేతి నుండి విడదీయడమే ఒక పరిణామం. వేళ్లను విడదీయడం ఆ దారిలో తరువాతి మెట్టు.

జర్మన్ కళాకారుడు హాన్స్ బెల్మెర్ (1902-1975) బెర్లిన్‌లోని కైజర్ ఫ్రీడ్రిష్ మ్యూజియంలో (నేటి బోడె మ్యూజియం) 16వ శతాబ్దపు కొయ్య కీళ్ల బొమ్మలను చూసి ప్రభావితుడయ్యాడు. ఆయన 1934లో తన మొదటి బొమ్మ ఛాయాచిత్రాలతో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. 1935లో పొట్ట భాగంలో పెద్ద బంతికీలు గల రెండవ బొమ్మను తయారుచేశాడు. 1960ల దశకంలో బెల్మెర్ కృషి జపాన్‌లో పరిచయమైంది. యొత్సుయ సిమోన్ (జననం 1944) మొదలైన జపాన్ కళాకారులు బంతికీళ్ల బొమ్మను ఒక కళారూపంగా అభివృద్ధి చేశారు. ఈ బొమ్మలు చేతితో ఒక్కొక్కటిగా చేసినవి, ప్రదర్శనశాలలకు ఉద్దేశించినవి. మమోరు ఒషీయి దర్శకత్వంలో 2004లో వచ్చిన "ఘోస్ట్ ఇన్ ద షెల్ 2: ఇన్నోసెన్స్" అనే జపాన్ యానిమేషన్ చిత్రంలో బెల్మెర్ బొమ్మల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

సేకర్తలకు అందుబాటులో ఉండే నేటి రెజిన్ బొమ్మలకు ఆరంభం జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన వోక్స్ సంస్థ. 1972లో స్థాపితమైన ఈ సంస్థ 1999లో "సూపర్ డాల్ఫీ" పేరుతో సుమారు 57 సెంటీమీటర్ల ఎత్తున్న పాలీయురిథేన్ రెజిన్ బొమ్మలను విడుదల చేసింది. కళ్లు, జుట్టు, చేతులు, దుస్తులు అన్నీ కొనుగోలుదారే మార్చుకోగలగడం వీటి ప్రత్యేకత. 2000ల దశకంలో దక్షిణ కొరియాలో లుట్స్, సూమ్, ఐపిల్‌హౌస్, ఫెయిరీలాండ్ వంటి సంస్థలు, ఆ తరువాత చైనాలో అనేక సంస్థలు ఈ రంగంలోకి వచ్చాయి. బొమ్మతో పాటు ఒక జత సాధారణ చేతులు ఇచ్చి, ఇతర భంగిమల చేతులను విడిగా అమ్మే పద్ధతి స్థిరపడింది. కీళ్ల చేతులు కూడా ఇటువంటి అదనపు భాగాలుగానే వచ్చాయి. 2010ల దశకంలో త్రీడీ ముద్రణ యంత్రాలు చవకైన తరువాత, పెద్ద సంస్థలే కాక విడి కళాకారులు కూడా కీళ్ల చేతులను రూపొందించి అమ్మసాగారు.

## మణికట్టు వద్ద అమరిక

రెండు రకాల చేతులూ శరీరానికి ఒకే విధంగా తగులుకుంటాయి. చేతి మొదట్లో ఉన్న గుంటలో ఒక చిన్న లోహపు అడ్డకడ్డీ ఉంటుంది. దానికి ఇంగ్లీషు అక్షరం ఎస్ ఆకారంలో ఉన్న కొక్కెం తగిలిస్తారు. కొక్కెం రెండవ కొస ఎలాస్టిక్ తాడును పట్టుకుంటుంది. సాధారణంగా ఈ తాడు ఒక చేతి నుండి మొదలై ముంజేయి, మోచేయి, భుజం, రొమ్ము గుండా రెండవ చేతివరకు సాగుతుంది. కొన్ని బొమ్మలలో మణికట్టు బంతి చేతిలోనే భాగంగా ఉంటుంది. మరికొన్నిటిలో అది విడి ముక్క. కొక్కెం బదులు అయస్కాంతాలతో చేతులను పట్టి ఉంచే పద్ధతి కూడా ఉంది. అందులో చేయి మార్చడం తేలికే కాని బరువైన వస్తువు పట్టిస్తే చేయి జారిపోవచ్చు.

వినైల్ బొమ్మలలో అమరిక వేరు. వోక్స్ సంస్థ 2003లో ప్రవేశపెట్టిన "డాల్ఫీ డ్రీమ్" బొమ్మలలో లోపల ప్లాస్టిక్ అస్థిపంజరం, పైన మెత్తని వినైల్ చర్మం ఉంటాయి. వీటి చేతులను తాడుతో కాక, మణికట్టు వద్ద ఉన్న చిన్న మేకు వంటి భాగానికి గుచ్చి నిలుపుతారు.

## స్థిర చేతులు

### రకాలు

స్థిర చేతులను శిల్పి మొదట ఒక భంగిమలో మలచి, సిలికోన్ అచ్చు తీసి, దానిలో రెజిన్ పోసి తయారుచేస్తారు. ఎక్కువగా దొరికే భంగిమలు ఇవి:

* విశ్రాంత చేయి - వేళ్లు కొద్దిగా వంగి, సహజంగా వేలాడుతున్నట్లు ఉంటుంది. బొమ్మతో పాటు ఇచ్చేది సాధారణంగా ఇదే.
* చాచిన చేయి - కూచిపూడి వంటి నాట్యాలలోని పతాక హస్తంవలె అరచేయి, వేళ్లు చాపి ఉంటుంది.
* పిడికిలి - ముష్టి హస్తాన్ని పోలినది.
* చూపే చేయి - చూపుడువేలు మాత్రమే చాచి ఉంటుంది.
* పట్టుకునే చేయి - వేళ్ల నడుమ గుండ్రని సందు ఉండి, కర్ర, కత్తి, గొడుగు, పువ్వు కాడ వంటివి దూర్చడానికి వీలిస్తుంది.
* పాత్రకు తగిన చేతులు - పొడవైన గోళ్లు, జంతువుల పంజాలు, యంత్రపు చేతులు వంటి ఊహారూపాలు.

### అనుకూలతలు

స్థిర చేతిలో శిల్పి పనితనం ముక్కలు కాకుండా నిలుస్తుంది. కణుపుల మడతలు, అరచేతి గీతలు, గోళ్లు, చర్మం కింద నరాల ఉబ్బు ఒకే ఉపరితలంపై కొనసాగుతాయి. దగ్గరినుండి తీసే ఛాయాచిత్రాలలో ఈ తేడా తెలుస్తుంది. కదిలే భాగాలు లేవు కనుక ఘర్షణ వలన రంగు రాలదు. గోళ్లకు వేసిన రంగు, కణుపులపై అద్దిన ఎరుపు ఛాయ ఎక్కువ కాలం ఉంటాయి. పట్టుకునే చేతిలో పెట్టిన వస్తువు బరువును ఘర్షణ కాక ఘనమైన రెజిన్ మోస్తుంది. అందుకని అది జారదు.

### పరిమితులు

ప్రతి కొత్త భంగిమకూ కొత్త జత కొనవలసి ఉంటుంది. చేయి మార్చిన ప్రతిసారీ తాడును లాగి, కొక్కెం విప్పి, మరల తగిలించాలి. తయారీదారు అచ్చు వేయని భంగిమ అసలు దొరకదు. టీ కప్పు పిడిని రెండు వేళ్లతో పట్టడం, పుస్తకపు పుట తిప్పడం, మరొక బొమ్మ చేతిలో చేయి వేయడం వంటివి ఆ వస్తువు కొలతకు సరిగ్గా సరిపోయే చేయి ఉంటేనే సాధ్యం.

పాలీయురిథేన్ రెజిన్ వేడికి కొంత మెత్తబడుతుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకుని కొందరు వేడినీటితో గాని, జుట్టు ఆరబెట్టే యంత్రంతో గాని వేలిని వేడిచేసి స్వల్పంగా వంచుతారు. ఇది నమ్మదగిన పద్ధతి కాదు. వేడి చాలకపోతే వేలు విరుగుతుంది, ఎక్కువైతే రూపం చెడి రంగు మారుతుంది.

## కీళ్ల చేతులు

### నిర్మాణం

మనిషి చేతిలో 27 ఎముకలు ఉంటాయి. వాటిలో 14 వేళ్లకు చెందినవి: బొటనవేలికి 2, మిగిలిన నాలుగు వేళ్లకు మూడేసి. పూర్తి కీళ్ల చేతిని ఈ లెక్క ప్రకారమే చేస్తే 14 వేలిముక్కలు, ఒక అరచేయి కలిపి 15 ముక్కలు, జతకు 30 ముక్కలు అవుతాయి. కొన్ని నమూనాలలో బొటనవేలి మొదలును కూడా విడి ముక్కగా చేస్తారు. మరికొన్నిటిలో కొన వద్ద ఉన్న కీలును వదిలివేసి, వేలిని రెండు ముక్కలతో సరిపెడతారు. అప్పుడు కదలిక తగ్గినా గట్టిదనం పెరుగుతుంది.

ముక్కలను కలిపే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటి పద్ధతిలో ప్రతి వేలి మధ్యగా సన్నని ఎలాస్టిక్ పోగు సాగి, అరచేతి లోపల ముడిపడుతుంది. రెండవ పద్ధతిలో తాడు ఉండదు. ఒక ముక్క బంతిని పక్క ముక్క గిన్నెలోకి నొక్కితే అది బిగిసి నిలుస్తుంది. ఎలాస్టిక్ ఉన్న వేలికి దెబ్బ తగిలితే ముక్క పక్కకు తొలగి మరల చోటుకు చేరగలదు. నొక్కి బిగించిన వేలు దెబ్బకు ఊడి కింద పడుతుంది. అయితే దానిని ముడులు విప్పే పని లేకుండా తిరిగి పెట్టవచ్చు.

### అనుకూలతలు

ఒకే జతతో పిడికిలి, చూపు, పట్టు, అభివాదం వంటి అనేక భంగిమలు వస్తాయి. వస్తువు కొలతనుబట్టి వేళ్లను సర్దవచ్చు. ఒక కథను వరుస చిత్రాలుగా తీసేవారికి, ఒక్కొక్క చట్రం మార్చుతూ యానిమేషన్ చేసేవారికి ఇది చాలా ఉపయోగకరం, ఎందుకంటే వేళ్లు కొద్దికొద్దిగా కదలడం స్థిర చేతులతో సాధ్యపడదు. రెండు చేతులూ ఒకే భంగిమలో ఉండనవసరం లేదు కనుక నిలబడిన బొమ్మలో బిర్రబిగిసిన భావం తగ్గుతుంది.

### పరిమితులు

వేలి కీళ్లవద్ద గీతలు, సందులు కనిపిస్తాయి. వేలిని వంచినప్పుడు కణుపు వెలుపలి వైపు ఖాళీ తెరుచుకుంటుంది. బంతి, గిన్నె అమరడానికి కొంత మందం అవసరం కనుక కీళ్ల వేళ్లు స్థిర చేతి వేళ్లకంటే లావుగా గాని, కణుపులవద్ద ఉబ్బుగా గాని ఉంటాయి.

కీళ్ల చేయి వస్తువు చుట్టూ వేళ్లను *అమర్చగలదు* కాని దానిని గట్టిగా *పట్టలేదు*. వేలిని నిలిపేది చిన్న కీలులోని ఘర్షణ మాత్రమే. బరువు కీలునుండి ఎంత దూరంలో ఉంటే దానిని తిప్పే బలం అంత ఎక్కువ. అందువలన వేలికొనలకు తగిలించిన చిన్న సంచి కూడా వేళ్లను తెరిచివేయగలదు. కొత్తగా కొన్నవారు ఎక్కువగా నిరాశపడేది ఈ విషయంలోనే. ఛాయాచిత్రాలలో కీళ్ల చేతులు బరువైన వస్తువులు పట్టినట్లు కనిపిస్తే, అక్కడ చాలాసార్లు సన్నని పారదర్శక రబ్బరు పట్టీ, తీసివేయగల మైనపు జిగురు, లేదా కనబడని ఆధారం ఉంటుంది.

వాడుకతో బంతులు అరిగి కీళ్లు వదులవుతాయి. వేలిముక్కలపై వేసిన రంగు రాపిడికి పోతుంది. గోరంత ముక్క కింద పడితే దొరకడం కష్టం. విడి ముక్కలు అమ్మని తయారీదారు అయితే ఒక ముక్క పోయినందుకు చేయి మొత్తం, ఒక్కోసారి జత మొత్తం కొనవలసి వస్తుంది.

## పరిమాణం చూపే ప్రభావం

కీళ్ల చేతులు పెద్ద బొమ్మలకు ఎక్కువగా, చిన్న బొమ్మలకు తక్కువగా దొరకడానికి కారణం సాధారణ గణితంతో తెలుసుకోవచ్చు. 170 సెంటీమీటర్ల మనిషికి చేయి పొడవు 18.5 సెం.మీ., వేలి మందం 16 మిల్లీమీటర్లు, వేలికొన ముక్క 25 మి.మీ. అనుకుని, అదే నిష్పత్తిలో బొమ్మకు తగ్గిస్తే వచ్చే కొలతలు:

| బొమ్మ ఎత్తు | వాడుక పేరు | చేయి పొడవు | వేలి మందం | వేలికొన ముక్క |
|---|---|---|---|---|
| 60 సెం.మీ. | 1/3 | 6.5 సెం.మీ. | 5.6 మి.మీ. | 8.8 మి.మీ. |
| 42 సెం.మీ. | 1/4 | 4.6 సెం.మీ. | 4.0 మి.మీ. | 6.2 మి.మీ. |
| 27 సెం.మీ. | 1/6 | 2.9 సెం.మీ. | 2.5 మి.మీ. | 4.0 మి.మీ. |

ఇవి నిష్పత్తి ప్రకారం లెక్కించినవి. అందం కోసం చాలా బొమ్మల వేళ్లను ఇంతకంటే సన్నగా మలుస్తారు.

గుండ్రని కడ్డీని వంచి విరవడానికి కావలసిన బలం దాని మందపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే 2.5 మి.మీ. వేలు 5.6 మి.మీ. వేలికంటే బలంలో సుమారు 11వ వంతు మాత్రమే. ఆ సన్నని వేలి కొసలోనే గిన్నె తొలచి, బంతిని దూర్చాలంటే గిన్నె చుట్టూ మిగిలే గోడ కాగితంవలె పలుచబడుతుంది. 60 సెం.మీ.కు పైబడిన బొమ్మలలో కీళ్ల చేతులు పనికి వస్తాయి. 40-45 సెం.మీ. బొమ్మలలో జాగ్రత్తగా వాడవలసినవి. 27 సెం.మీ. బొమ్మలకు స్థిర చేతులే తగినవి.

## పోలిక

| అంశం | స్థిర చేతులు | కీళ్ల చేతులు |
|---|---|---|
| భంగిమలు | జతకు ఒకటి | జతకు అనేకం |
| రూపం | అతుకు లేని ఉపరితలం | కీళ్ల గీతలు కనబడతాయి |
| వస్తువు పట్టడం | తగిన భంగిమ ఉంటే గట్టి పట్టు | అనేక వస్తువులకు, కాని తేలికైన పట్టు |
| ప్రమాదం | వేలు విరగడం | ముక్క ఊడడం, పోవడం, కీలు వదులవడం |
| రంగు మన్నిక | ఎక్కువ | తక్కువ |
| దుస్తులు తొడగడం | చేతులు విప్పి తొడగవచ్చు | వేళ్లు బట్టకు తగులుకుంటాయి, విప్పడమే మేలు |
| ఖర్చు | జతకు తక్కువ, జతలు పెరిగితే పెరుగుతుంది | జతకు సాధారణంగా ఎక్కువ |

## ఎంపిక

చేతుల ఎంపికలో బొమ్మను ఎలా ఉపయోగిస్తారన్నదే ముఖ్యం. బొమ్మను అద్దాల బీరువాలో ఒకే భంగిమలో ఉంచేవారికి ఒకటి రెండు జతల స్థిర చేతులు చాలు. అందులో ఒక జత విశ్రాంత చేతులు ఉండడం మంచిది. తరచుగా ఛాయాచిత్రాలు తీసేవారికి, వరుస దృశ్యాలు కూర్చేవారికి కీళ్ల చేతులు ఉపయోగపడతాయి. అయినా దగ్గరి చిత్రాలకు ఒక జత స్థిర చేతులు కూడా దగ్గర ఉంచుకోవడం వాడుక. చేతులు మారుతాయి కనుక రెండింటినీ కలిపి వాడడానికి అడ్డు లేదు. ఒక చేతికి వస్తువు పట్టే స్థిర చేయి, మరొక చేతికి కీళ్ల చేయి అమర్చే పద్ధతి కూడా ఉంది.

బిగుతు చేతుల జాకెట్లు, జాలీ అంచుల దుస్తులు తరచుగా మార్చేవారు, బొమ్మను ప్రయాణాలలో తీసుకువెళ్లేవారు స్థిర చేతులవైపు మొగ్గడం క్షేమం. కణుపులు, గోళ్లు, నరాల ఛాయలు శ్రద్ధగా రంగులు వేసి చేయించుకున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. యంత్రమానవుడు, కొయ్యబొమ్మ వంటి పాత్రలకు మాత్రం కీళ్ల గీతలు లోపం కావు, పాత్ర స్వభావంలో భాగమవుతాయి.

ఖర్చు విషయంలో ఒక జత ధరను మరొక జత ధరతో పోల్చడం సరిపోదు. కావలసిన భంగిమలు ఎన్ని అని ముందు లెక్కించాలి. రెండు భంగిమలు చాలినప్పుడు కీళ్ల చేతులు అనవసరపు ఖర్చు. నాలుగైదు భంగిమలు కావలసినప్పుడు స్థిర చేతుల మొత్తం ధర కీళ్ల చేతుల ధరను దాటవచ్చు.

### కొనేముందు సరిచూడవలసినవి

* మణికట్టు కొలత - బంతి వ్యాసం, గిన్నె వ్యాసం మిల్లీమీటర్లలో సరిపోవాలి. బంతి పెద్దదైతే గిన్నె అంచుపై నిలిచి ఊగుతుంది, చిన్నదైతే లోపలికి కుంగి చేయి తిరగదు. బొమ్మ ఎత్తు ఒకటే అయినంత మాత్రాన వేరే సంస్థ చేతులు సరిపోతాయని చెప్పలేము.
* చేతి నిష్పత్తి - వేలికొనలనుండి మణికట్టు వరకు ఉన్న పొడవు ముఖం ఎత్తుకు తగినట్లుండాలి. మనిషిలో చేయి చుబుకం నుండి నుదుటి పైభాగం వరకు వస్తుంది. పెద్ద తల గల బొమ్మలలో చేయి ముఖంకంటే చిన్నదిగా ఉండడం సహజం.
* రంగు - ఒకే పేరున్న చర్మపు రంగు కూడా పోతకు పోతకు కొద్దిగా మారుతుంది. పైగా రెజిన్ కాలక్రమేణా, ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన, పసుపు వన్నెకు తిరుగుతుంది. అయిదేళ్ల కిందటి శరీరానికి నేడు కొన్న చేయి లేతగా కనబడుతుంది. కావలసిన చేతులను బొమ్మతో పాటే తెప్పించుకోవడం దీనికి ఉత్తమ పరిష్కారం.
* పదార్థం - త్రీడీ ముద్రణలో వాడే కాంతితో గట్టిపడే రెజిన్లలో కొన్ని పోతపోసిన పాలీయురిథేన్ కంటే పెళుసు. వెలుతురులో అవి మరింత గట్టిపడి పెళుసెక్కవచ్చు.
* మూలం - శిల్పి అనుమతి లేకుండా అసలు చేతినుండి అచ్చు తీసి అమ్మే నకళ్లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. అచ్చు తీసేటప్పుడు కొలతలు కొంత తగ్గుతాయి కనుక కీళ్ల చేతుల నకళ్లలో బంతి, గిన్నె సరిగా కలవని లోపం ఎక్కువ.

## చేతులు మార్చే విధానం

చేతిని మార్చేటప్పుడు బొమ్మను మెత్తని గుడ్డపై వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎలాస్టిక్ అకస్మాత్తుగా వెనక్కి పోతే కొక్కెం ముంజేతి లోపలికి జారిపోతుంది. అది జరగకుండా ముందుగా ఒక రిబ్బన్ ముక్కను గాని, గట్టి దారాన్ని గాని తాడు కొస చుట్టూ తిప్పి బయటికి వేలాడదీస్తారు. తరువాత చేతిని మెల్లగా లాగి, వచ్చిన సందులో కొక్కేన్ని వేళ్లతో గాని, శస్త్రచికిత్సలో వాడే మూతిపట్టు పటకారుతో గాని పట్టుకుని, అడ్డకడ్డీ నుండి విడదీయాలి. సందులో పెన్సిలును అడ్డంగా ఉంచి తాడును దానిపై నిలిపితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి.

చేతిని లాగేటప్పుడు వేళ్లను పట్టుకోరాదు. అరచేతి మొదలును, మణికట్టు బంతిని పట్టుకోవాలి. స్థిర చేతుల వేళ్లు విరిగే సందర్భాలలో ఇది ప్రధానమైనది. కీళ్ల చేతులను మార్చేటప్పుడు అంచులున్న పళ్లెంలో పని చేస్తే ఊడిన ముక్కలు దొర్లిపోవు.

చేతులు విప్పకుండా దుస్తులు తొడగవలసివస్తే చిన్న పాలిథిన్ కవరును చేతికి తొడిగి, దానిపై నుండి బట్టను జార్చాలి. జాలీ దారాలు వేళ్లకు తగులుకోకుండా ఇది కాపాడుతుంది.

## సంరక్షణ, మరమ్మతు

వేలు విరిగినప్పుడు రెండు ముక్కలనూ భద్రపరచాలి. విరిగిన అంచులను అరగదీయకుండా, శుభ్రం చేసి, సయనోయాక్రిలేట్ జిగురును (సూపర్ గ్లూ) అతి కొద్దిగా రాసి కలిపితే అతుకు దాదాపు కనిపించదు. సన్నని లోహపు తీగను రెండు ముక్కల మధ్య చిన్న రంధ్రాలలో దూర్చి అతికితే మరింత బలం వస్తుంది. ముక్క పోయిన చోట ఎపాక్సీ పుట్టీతో వేలికొన మలచి, ఆరిన తరువాత రంగు వేస్తారు.

వదులైన కీళ్లకు బంతిపై పలుచని వార్నిష్ లేదా జిగురు పొర వేసి, పూర్తిగా ఆరిన తరువాతనే గిన్నెలో పెట్టాలి. ఆరకముందే పెడితే కీలు శాశ్వతంగా అతుక్కుంటుంది. మణికట్టు తిరిగిపోతూ ఉంటే గిన్నె లోపల పలుచని స్వెడ్ తోలు ముక్క అతికించడం వాడుకలో ఉన్న ఉపాయం. ఎలాస్టిక్ కాలంతో పాటు సాగి బిగువు కోల్పోతుంది కనుక శరీరపు తాడునూ, కీళ్ల చేతుల పోగులనూ కొన్నేళ్లకొకసారి మార్చవలసి ఉంటుంది.

వాడని చేతులను ఒక్కొక్క జతను మెత్తని గుడ్డలో చుట్టి, ఎండ తగలని పెట్టెలో ఉంచాలి. శరీరం వెలుతురులో, అదనపు చేతులు చీకటిలో ఏళ్ల తరబడి ఉంటే వాటి రంగులు వేరుపడతాయి. కనుక బొమ్మను కూడా నేరు ఎండకు దూరంగా ఉంచడం అవసరం.

## భద్రత

రెజిన్‌ను గరుకు కాగితంతో (ఉప్పు కాగితం) రుద్దినప్పుడు వచ్చే సన్నని పొడి ఊపిరితిత్తులకు హానికరం. గరుకు కాగితాన్ని, రెజిన్ ముక్కను నీటితో తడుపుతూ రుద్దాలి, పొడిని అడ్డుకునే ఎన్-95 వంటి ముసుగు ధరించాలి. రంగులను నిలిపే పిచికారీ పూతలలో ద్రావణి ఆవిరులు ఉంటాయి. వీటికి పొడి ముసుగు చాలదు. ఆవిరులను పీల్చుకునే గుళిక గల ముసుగు వేసుకుని, గాలి బాగా ఆడే చోట పనిచేయాలి.

బంతికీళ్ల బొమ్మలు పెద్దల సేకరణకు ఉద్దేశించినవి, పసిపిల్లల ఆటవస్తువులు కావు. ముఖ్యంగా కీళ్ల చేతుల వేలిముక్కలు పిల్లలు మింగగలిగినంత చిన్నవి. అయస్కాంతపు చేతులలో అయస్కాంతాలు ఊడివస్తే ప్రమాదం మరింత ఎక్కువ. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడల మధ్య ఒకదానినొకటి ఆకర్షించి ప్రాణాపాయం కలిగించగలవు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో వీటిని అందని చోట ఉంచాలి.

## ఇవి కూడా చూడండి

* బంతి గిన్నె కీలు
* హాన్స్ బెల్మెర్
* పాలీయురిథేన్
* బొమ్మ